సంకేతానికి తగిన సేవకుడు
(నికోలా టెస్లా జీవిత విశేషాలు)



ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయవలసిందిగా కార్యవర్గ మిత్రులు నన్ను కోరారు. దేశనాయకుల గురించి, కవుల గురించి వ్రాయగల సమర్థులు మనలో ఎందరో ఉన్నారు. నేను సర్వీసంతా ఒక విద్యుత్ కేంద్రంలో మీటర్లు, రిలేలు, మోటర్ల మధ్య గడిపినవాడిని. కనుక నాకు తెలిసిన దారిలోనే ఒక పెద్దమనిషిని ఎంచుకున్నాను. ఆయన పేరు నికోలా టెస్లా. మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో ఆయన పేరు వినని రైతు ఉండవచ్చు గాని, ఆయన చేసిన మేలు పొందని రైతు లేడు. అది ఎలాగో ముందు ముందు మనవి చేస్తాను.

ఆయనను నాకు మళ్లీ గుర్తు చేసినవాడు మా మనుమడు. ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు వచ్చి థర్మోకోలుతో, పలుచని చెక్కతో రేడియోతో నడిచే చిన్న విమానం తయారు చేశాడు. చేతిలో ట్రాన్స్‌మీటరు, విమానంలో రిసీవరు, రెక్కలనూ తోకనూ కదిలించడానికి సర్వోలనే చిన్న మోటరు డబ్బాలు. ఒక సర్వో పాతది, మిత్రుడు ఇచ్చినది. ప్లగ్గు చక్కగా రిసీవరులో కూర్చుంది. బ్యాటరీ తగిలించగానే సర్వో గుర్రుమని, సన్నగా పొగ వదిలి, చల్లబడిపోయింది. తప్పు మా ఇద్దరిదీను. ఆ సర్వో 6 వోల్టులకు చేసినది. మేము తగిలించిన రెండు సెల్లుల లిథియం బ్యాటరీ నిండా చార్జి అయితే 8.4 వోల్టులు ఇస్తుంది. రిసీవరు ఆ వోల్టేజీని తట్టుకుంది, సర్వో తట్టుకోలేదు. సర్వీసంతా 110 వోల్టుల రిలేను 220 మీద పెట్టవద్దని జూనియర్లకు చెప్పిన నేనే ఆ చిన్న డబ్బా మీద వ్రాసి ఉన్నది చదవలేదు.

ప్లగ్గు పట్టినంత మాత్రాన పొత్తు కుదిరినట్టు కాదు. పంపేవానికీ, అందుకునేవానికీ, పని చేసేవానికీ ఒకే భాష, ఒకే బలం ఉండాలి. ఈ సంగతిని రేడియో పుట్టిన కొత్తలోనే గ్రహించి, మనిషి లేని పడవను దూరం నుంచి నడిపి చూపించిన వ్యక్తి టెస్లా.

బాల్యం, విద్య

నికోలా టెస్లా 1856 జూలై 10న స్మిల్యాన్ అనే పల్లెలో జన్మించారు. ఆ ఊరు అప్పట్లో ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉండేది, నేడు క్రొయేషియా దేశంలో ఉంది. వారిది సెర్బు కుటుంబం. తండ్రి మిలుతిన్ ఆర్థడాక్స్ క్రైస్తవ పురోహితుడు. తల్లి జూకా బడి ముఖం చూడని ఇల్లాలు. అయినా పొడవైన వీరగాథలు కంఠస్థం చెప్పేది, ఇంటి పనికి కావలసిన చిన్న చిన్న సాధనాలు తానే కల్పించుకునేది. యంత్రాల మీద తనకున్న మక్కువ తల్లి నుంచి వచ్చినదేనని టెస్లా చెప్పుకునేవారు. ఆయన చిన్నతనంలోనే అన్న డానె గుర్రం వల్ల జరిగిన ప్రమాదంలో మరణించాడు. ఆ దుఃఖం ఆ ఇంటిని చాలాకాలం వదలలేదు.

తండ్రికి కొడుకును తన వృత్తిలోనే పెట్టాలని కోరిక. కొడుకుకు ఇంజనీరు కావాలని పట్టుదల. హైస్కూలు చదువు ముగిసి ఇల్లు చేరగానే టెస్లాకు కలరా సోకి, బ్రతుకుతాడనే ఆశ లేకుండా పోయింది. బ్రతికి బయటపడితే ఇంజనీరింగు చదివిస్తానని తండ్రి మాట ఇచ్చాడు. కొడుకు లేచి కూర్చున్నాడు, తండ్రి మాట నిలుపుకున్నాడు. 1875లో గ్రాజ్ నగరంలోని సాంకేతిక కళాశాలలో చేరారు.

అక్కడ తరగతిలో ఒక డైనమో చూపించారు. దాన్ని మోటరుగా నడిపితే కమ్యుటేటరు దగ్గర బ్రష్షుల నుంచి నిప్పురవ్వలు రాలాయి. ఈ బ్రష్షులు, రవ్వలు లేకుండా మోటరు నడపలేమా అని టెస్లా అడిగారు. అది జరిగే పని కాదని ఆచార్యులు తరగతి అందరి ముందు వివరించి చెప్పారు. టెస్లా వాదించలేదు, మరచిపోనూ లేదు. ఆ ప్రశ్నను ఏళ్ల తరబడి మనసులో మోశారు. 1882లో బుడాపెస్టు నగరంలో టెలిఫోను సంస్థలో పని చేస్తుండగా, ఒక సాయంత్రం మిత్రునితో పార్కులో నడుస్తూ జవాబు కనుగొన్నారు. ఇసుక మీద కర్రతో గీసి మిత్రునికి చూపారు. వేర్వేరు సమయాలలో పెరిగి తగ్గే ఆల్టర్నేటింగ్ కరెంటులను వేర్వేరు చుట్లలోకి పంపితే అయస్కాంత క్షేత్రమే గుండ్రంగా తిరుగుతుంది. దాని వెంట లోపలి రోటరు తిరుగుతుంది. బ్రష్షు అక్కరలేదు, నిప్పురవ్వ ఉండదు.

మన బాయి గట్టు మీద టెస్లా

1884లో టెస్లా న్యూయార్కు చేరారు. ఎడిసన్ కంపెనీలో కొద్ది నెలలు పని చేసి, ఆశించిన బహుమానం దక్కక బయటికి వచ్చారు. తరువాత కొందరితో కలసి పెట్టిన కంపెనీలో భాగస్వాములు పని పూర్తికాగానే ఆయనను వదిలేశారు. అంతటి విద్యావంతుడు రోజుకు 2 డాలర్ల కూలికి కందకాలు తవ్వారు. 

1888లో ఆయన మోటరు పేటెంట్లు వచ్చాయి. జార్జి వెస్టింగ్‌హౌస్ అనే పారిశ్రామికవేత్త వాటిని తీసుకున్నాడు. ఇటలీలో గెలీలియో ఫెరారిస్ కూడా ఇదే సూత్రాన్ని స్వతంత్రంగా కనుగొన్నాడు. దానిని మనం ఎరిగిన మూడు ఫేజుల రూపానికి తెచ్చినవాడు జర్మనీలో పని చేసిన దొలివో దొబ్రొవోల్‌స్కీ. ఎవరి వాటా వారికి ఇవ్వడం న్యాయం. అయినా తిరిగే క్షేత్రాన్ని పూర్తి విద్యుత్ వ్యవస్థగా ఊహించి, జనరేటరు నుంచి మోటరు దాకా పేటెంట్లు వ్రాసినవారిలో టెస్లా ముఖ్యులు. 1896 నవంబరులో నయాగరా జలపాతం దగ్గర పుట్టిన కరెంటు దాదాపు 40 కిలోమీటర్ల దూరంలోని బఫెలో నగరానికి చేరింది.

మన జిల్లాలలో చెరువు కింద భూమి ఉన్నవాడు కొందరు, బాయి మీద ఆధారపడినవాడు ఎందరో. బాయి గట్టు మీద 5 హార్సుపవరు మోటరు, గోడకు స్టార్టరు, తీగల మీద మూడు ఫేజులు. త్రీఫేజు ఎప్పుడొస్తుందా అని అర్ధరాత్రి లేచి టార్చిలైటు పట్టుకుని పొలానికి పోయిన రోజులు మనలో చాలామందికి అనుభవమే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి రోజంతా కరెంటు ఇవ్వడం మొదలయ్యేదాకా ఆ జాగారం తప్పలేదు. సింగరేణి గనులలో నీళ్లు తోడే పంపులు, గాలి పంపే ఫ్యానులు, బొగ్గు మోసే బెల్టులు నడిచేదీ ఈ సూత్రం మీదనే. రామగుండంలో 1971లో మొదలై 2024 వరకు నడిచిన 62.5 మెగావాట్ల కేంద్రం, తరువాత వచ్చిన 2600 మెగావాట్ల ఎన్టీపీసీ, 2016లో జైపూరులో జాతికి అంకితమైన 1200 మెగావాట్ల సింగరేణి కేంద్రం, ఇవన్నీ పంపినదీ, పంపుతున్నదీ ఆ మూడు ఫేజుల కరెంటునే.

పొత్తు కుదరడమంటే ఏమిటో మన రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు. మోటరు కొత్తగా బిగించినప్పుడు ఎదురు తిరిగితే, మూడు తీగలలో ఏవైనా రెండింటిని తారుమారు చేస్తాడు. తీగలు అవే, మోటరు అదే, కలిపిన వరుస మారింది. నీరు పైకి వస్తుంది.

1898 నాటి చిన్న పడవ

ఆ కాలంలోనే రేడియో తరంగాల మీద లోకమంతటా ప్రయోగాలు సాగుతున్నాయి. మన జగదీశ్ చంద్ర బోస్ 1895లో కలకత్తా టౌనుహాలులో తీగ లేకుండా, గోడల అవతల గంట మ్రోగించి, తుపాకిమందు పేల్చి చూపారు. తరంగం వచ్చింది, దూరాన పని జరిగింది. అయితే గంట మ్రోగించడానికి ఒక్క సంకేతం చాలు. ఒక వాహనాన్ని నడపాలంటే కుడి, ఎడమ, ముందుకు, ఆగు అని వేర్వేరు ఆజ్ఞలు కావాలి. ఆ పని చేసినవారు టెస్లా.

1895 మార్చిలో ఆయన ప్రయోగశాల అగ్నికి ఆహుతైంది. ఏళ్ల తరబడి చేసిన పని ఒక్క రాత్రిలో బూడిదైంది. మళ్లీ మొదలుపెట్టి మూడేళ్లలో ఈ పడవను తయారు చేశారు. 1898లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెనులో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో నీటి తొట్టి కట్టించి జనానికి చూపారు. ఇనుప పడవ, సుమారు 4 అడుగుల పొడవు. లోపల బ్యాటరీలు, నడిపే మోటరు, చుక్కాని తిప్పే మోటరు, దీపాలు. ఆయన దూరంగా నిలబడి మీట తిప్పితే పడవ మలుపు తిరిగేది, దీపాలు వెలిగేవి. చూసినవారిలో కొందరు ఇది మనోబలమన్నారు, కొందరు మాయ అన్నారు. రేడియో అనే మాటే జనానికి తెలియని కాలమది.

లోపలి అమరికను కొంచెం చెబుతాను, ఎందుకంటే మన వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది. రిసీవరు స్థానంలో కోహెరరు అనే చిన్న గొట్టం. అందులో లోహపు పొడి. తరంగం తగలగానే పొడి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని కరెంటును పోనిస్తాయి. కాని తరంగం ఆగినా అవి విడిపోవు. గొట్టాన్ని కదిలిస్తే గాని మరో సంకేతం వినలేదు. టెస్లా ఆ గొట్టం ప్రతి సంకేతం తరువాత తనంతట తానే తిరగబడేలా చేశారు. కోహెరరు నుంచి వచ్చే కరెంటు మోటరును తిప్పేటంత ఉండదు. కనుక మధ్యలో రిలే పెట్టారు. రిలే పని చేసిన ప్రతిసారీ కాంటాక్టుల చక్రం ఒక అడుగు జరుగుతుంది. ఒక అడుగుకు చుక్కాని కుడికి, మరో అడుగుకు ఆగు, ఇంకో అడుగుకు ఎడమకు. అంటే వినేవాడు వేరు, పని చేసేవాడు వేరు. బలహీనమైన సంకేతాన్ని మోటరుకు అర్థమయ్యే బలమైన ఆజ్ఞగా మార్చేవాడు మధ్యలో నిలబడ్డాడు. నేటి విమానంలో రిసీవరు, సర్వోలోని చిన్న సర్క్యూటు, మోటరు చేసే పని విభజన ఇదే.

ఈ పడవకు 1898 నవంబరు 8న 613,809 నంబరుతో అమెరికా పేటెంటు లభించింది.

తనవాని మాటే వినాలి

జనం మధ్య పడవను నడిపిన టెస్లాకు వెంటనే మరో సందేహం కలిగింది. ఇంకెవడో ఇదే తరంగం పంపితే పడవ వాని మాట కూడా వింటుంది గదా! పడవ తన యజమానిని గుర్తుపట్టాలి. అందుకు ఒక్క తరంగం కాకుండా వేర్వేరు పౌనఃపున్యాల తరంగాలు రెండు, అవి రెండూ కలసి వస్తేనే రిసీవరు కదిలే పద్ధతిని ఆలోచించారు. ఒక తాళానికి రెండు చెవులు పెట్టినట్టు. ఈ పద్ధతికి 1903లో పేటెంట్లు వచ్చాయి. నేడు చేతిలోని ట్రాన్స్‌మీటరును, విమానంలోని రిసీవరును మొదట బైండింగ్ అనే పనితో ఒకదానికొకటి పరిచయం చేస్తారు. అప్పటి నుంచి ఆ రిసీవరు ఆ ట్రాన్స్‌మీటరు మాటే వింటుంది. సాధనాలు వేరు, కాలం వేరు, కోరిక మాత్రం ఒక్కటే.

ఈ పడవను అమెరికా నౌకాదళం స్వీకరిస్తుందని టెస్లా ఆశించారు. వారు ఆసక్తి చూపలేదు. పేటెంటు గడువు 17 ఏళ్లు. అది 1915లో ముగిసిపోయింది. రేడియోతో నడిచే వాహనాల అవసరం లోకానికి సరిగ్గా ఆ ప్రపంచయుద్ధం రోజులలోనే తెలిసి వచ్చింది. 1917లో బ్రిటనులో ఆర్చిబాల్డ్ లో అనే ఇంజనీరు పైలటు లేని విమానాన్ని రేడియోతో నడిపే ప్రయత్నం చేశాడు. 1935 నాటికి క్వీన్ బీ అనే రేడియో విమానాలు బ్రిటిషు దళాలకు గురి చూసి కాల్చడం నేర్పాయి. టెస్లాకు అందులో ఒక్క పైసా రాలేదు. సంకేతం సరిగానే వెళ్లింది, అందుకోవలసిన లోకం అప్పటికి సిద్ధంగా లేదు.

పడవ నుంచి పిల్లల విమానం దాకా

అమెరికాలో గుడ్ సోదరులు వాల్టర్, విలియం 1937 ప్రాంతంలో గఫ్ అనే రేడియో విమానాన్ని ఎగురవేశారు. ఆనాటి మోడళ్లలో రబ్బరు పట్టీ పురితో నడిచే ఎస్కేప్‌మెంటు ఉండేది. ఒక సంకేతానికి ఒక అడుగు, టెస్లా చక్రం మాదిరిగానే. ఎడమకు తిప్పాలంటే ముందు కుడి వంతు దాటించాలి. ఎన్ని నొక్కులు నొక్కామో మరచిపోతే విమానం చెట్టెక్కేది.

1960లలో డిజిటల్ ప్రొపోర్షనల్ పద్ధతి వచ్చి, ఎంత కదిలించమంటే అంతే కదిలే సర్వోలు తయారయ్యాయి. సర్వో అనే మాట ఫ్రాన్సు దేశపు ఇంజనీరు ఫార్కో 1873లో ఓడల చుక్కాని తిప్పే ఆవిరి యంత్రానికి పెట్టిన పేరు నుంచి వచ్చింది. లాటినులో ఆ మాటకు సేవకుడని అర్థం. మన సేవ అనే మాటతో దానికి చుట్టరికం లేకపోయినా, గుర్తుపెట్టుకోవడానికి బాగుంది.

ఈ సేవకునికి ఆజ్ఞ అందే తీరు ఇది. రిసీవరు సెకండుకు సుమారు 50 సార్లు ఒక చిన్న విద్యుత్ స్పందన పంపుతుంది. ఆ స్పందన 1.5 మిల్లీ సెకండ్లు ఉంటే సర్వో నడిమిలో నిలుస్తుంది, 1 మిల్లీ సెకండు ఉంటే ఒక పక్కకు, 2 ఉంటే రెండో పక్కకు. సర్వో లోపలి పొటెన్షియోమీటరు తాను ఎక్కడ ఉన్నదీ చెబుతుంది. చెప్పినదీ, ఉన్నదీ ఒకటయ్యేదాకా మోటరు తిరుగుతుంది. టెస్లా పడవలో లేనిది ఈ ఒక్కటే. ఆజ్ఞ పాటించానా లేదా అని తనను తాను చూసుకునే గుణం.

మనుమలు, మనుమరాండ్రు ఇటువంటి విమానాలు చేస్తున్న సభ్యుల కోసం నాలుగు జాగ్రత్తలు వ్రాస్తాను. పొగ చూసి నేర్చుకున్నవి, ఆ తరువాత చదివి తెలుసుకున్నవి.

మొదటిది తీగల వరుస. సర్వోకు మూడు తీగలు. సాధారణంగా నలుపు లేదా గోధుమ రంగు నెగటివు, నడిమి ఎరుపు పాజిటివు, తెలుపు లేదా పసుపు లేదా నారింజ రంగు సంకేతం. పాతకాలపు కొన్ని సెట్లలో ఎరుపు తీగ నడుమ ఉండదు. ప్లగ్గు పడుతుంది గాని సర్వో మాడుతుంది. పాతది చేతికి వస్తే రంగులు కాదు, మీటరుతో చూడాలి.

రెండవది వోల్టేజీ. రిసీవరు తనకు వచ్చిన వోల్టేజీనే సాధారణంగా సర్వోకు అందిస్తుంది, తగ్గించదు. రిసీవరు తట్టుకుంటుంది గదా అని సర్వో మీది అంకె చదవకపోవడం మేము చేసిన తప్పు.

మూడవది కరెంటు. సర్వోలు నాలుగైదు ఒకేసారి బరువు మీద తిరిగితే చిన్న సరఫరా కుంగుతుంది. ఆ క్షణం రిసీవరు ఆగి మళ్లీ మొదలవుతుంది. గాలిలో ఉన్న విమానానికి ఆ క్షణమే చాలు.

నాలుగవది భాష. కొన్ని సర్వోలకు నడిమి స్థానం 1.5 కాక 1.52, పాతవాటిలో కొన్నింటికి 1.6 మిల్లీ సెకండ్లు. తోక కొంచెం వంకరగా నిలుస్తుంది, సరిదిద్దుకోవచ్చు. డిజిటల్ సర్వోకు పంపే వేగమైన స్పందనలను పాత అనలాగ్ సర్వోకు పంపితే వేడెక్కి పోతుంది. అన్ని సర్వోల ఆజ్ఞలనూ ఒకే తీగ మీద వరుసగా పంపే కొత్త రిసీవర్ల భాష మామూలు సర్వోకు అసలే తెలియదు. ఇక 2.4 గిగాహెర్ట్జ్ సెట్లలో ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. ఒకరి ట్రాన్స్‌మీటరుకు మరొకరి రిసీవరు పలకకపోవడం లోపం కాదు, వాటి స్వభావం.

పింఛను లేని మేధావి

తిరిగి టెస్లా జీవితానికి వద్దాం. 1896లో స్వామి వివేకానంద న్యూయార్కులో ఆయనను కలుసుకున్నారు. అంతకు మూడేళ్ల ముందు 1893 ఫిబ్రవరిలో సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో ప్రసంగించిన స్వామివారే. ఆకాశం, ప్రాణం అనే మన తాత్త్విక భావనలు టెస్లాను ఆకర్షించాయి. పదార్థం, శక్తి ఒకటేనని ఆయన గణితంతో నిరూపిస్తారని స్వామి ఆశించారు. అది టెస్లా చేతుల మీదుగా జరగలేదు.

1897లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఆయన మోటరు పేటెంట్లను 2,16,000 డాలర్లకు ఒకేసారి కొనివేసింది. హార్సుపవరుకు ఇంత అని రావలసిన రాయల్టీ అక్కడితో పోయింది. వచ్చిన సొమ్ము ప్రయోగాలకే ఖర్చయింది. 1899లో కొలరాడో స్ప్రింగ్సులో కృత్రిమ మెరుపులు పుట్టించారు. 1901లో జె.పి. మోర్గాన్ ఇచ్చిన 1,50,000 డాలర్లతో న్యూయార్కు దగ్గర వార్డెన్‌క్లిఫ్‌లో 187 అడుగుల గోపురం మొదలుపెట్టారు. సముద్రం దాటి సందేశాలే కాదు, తీగలు లేకుండా విద్యుత్తు కూడా పంపాలని ఆయన సంకల్పం. ధనం ఆగిపోయింది, పని ఆగిపోయింది. 1917లో గోపురాన్ని కూల్చివేశారు. ఆ ఏడాదే అమెరికా విద్యుత్ ఇంజనీర్ల సంస్థ ఆయనకు ఎడిసన్ పతకం ఇచ్చింది. ఒకప్పుడు ఎవరిని విడిచి బయటికి వచ్చారో ఆయన పేరిటనే పతకం!

ఆయన లోపాలను దాచడం సమంజసం కాదు. లెక్కలు చూసుకునేవారు కాదు. పూర్తికాని పని గురించి పెద్ద పెద్ద ప్రకటనలు చేసేవారు. ఐన్‌స్టీన్ సిద్ధాంతాలను చివరిదాకా ఒప్పుకోలేదు. పెళ్లి చేసుకోలేదు. హోటళ్లలో ఉంటూ, బిల్లులు కట్టలేక ఒకచోటి నుంచి మరోచోటికి మారారు. సాయంత్రాలు పావురాలకు గింజలు వేసేవారు, దెబ్బ తగిలిన పక్షులను గదికి తెచ్చి సాకేవారు.

1934 నుంచి వెస్టింగ్‌హౌస్ కంపెనీ సలహాదారు రుసుము పేరుతో నెలకు 125 డాలర్లు, హోటలు అద్దె ఇస్తూ వచ్చింది. దానికి పింఛను అని పేరు పెట్టలేదు. దానమంటే ఆయన పుచ్చుకోరని అందరికీ తెలుసు. తరువాత యుగోస్లావియా ప్రభుత్వం కూడా గౌరవ వేతనం పంపింది. డీఏ బకాయిల కోసం, మెడికల్ బిల్లుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే మనకు ఈ భాగం చదువుతుంటే మనసు బరువెక్కుతుంది. ప్రపంచంలోని కార్ఖానాలన్నీ ఎవరి మోటరుతో తిరుగుతున్నాయో ఆ మనిషి గది అద్దె కోసం ఇతరుల మర్యాద మీద ఆధారపడ్డాడు. ఆయనకు సర్వీసు లేదు, సర్వీసు బుక్కు లేదు, తరఫున మాట్లాడే సంఘం లేదు.

1937లో రోడ్డు దాటుతుండగా టాక్సీ గుద్దింది. డాక్టరు దగ్గరికి పోలేదు. 1943 జనవరి 7న న్యూయార్కర్ హోటలు 33వ అంతస్తులోని 3327 నంబరు గదిలో, 86 ఏళ్ల వయసులో, ఒంటరిగా కన్నుమూశారు. అంత్యక్రియలకు రెండు వేల మందికి పైగా వచ్చారు. ఆ ఏడాది జూన్ 21న అమెరికా సుప్రీంకోర్టు, మార్కోనీ కంపెనీ వేసిన దావాలో, మార్కోనీ ముఖ్య పేటెంటు చెల్లదని తీర్పు చెప్పింది. అంతకు ముందే లాడ్జ్, టెస్లా, స్టోన్ చేసిన పనిని అందుకు ఆధారంగా చూపింది. వినవలసినవాడు అప్పటికి అయిదు నెలల క్రితమే వెళ్లిపోయాడు. 1960లో అయస్కాంత అభివాహ సాంద్రతను కొలిచే అంతర్జాతీయ ప్రమాణానికి టెస్లా అని పేరు పెట్టారు. ఆయన చితాభస్మం బెల్‌గ్రేడులోని టెస్లా మ్యూజియంలో ఉంది.

ముగింపు

కాలిన సర్వోను మనుమడు పారవేయబోతే నేను ఆపి, విప్పి చూపించాను. పళ్ల చక్రాలు బాగానే ఉన్నాయి, మోటరు బాగానే ఉంది, సర్క్యూటు మాత్రమే మాడింది. కొత్త సర్వో తెచ్చి, ఈసారి దాని మీది అంకెలు ఇద్దరం కలసి చదివి, బ్యాటరీకి వోల్టేజీ తగ్గించే పరికరం పెట్టి, మీటరుతో చూసి తగిలించాం. తోక చెప్పినంత మేరకే, చెప్పిన వైపే కదిలింది. మరునాడు ఉదయం ఊరి బయట ఖాళీ మైదానంలో విమానం రెండు చుట్లు తిరిగి క్షేమంగా దిగింది.

మిత్రులారా, మనలో చాలామందికి సర్వీసులో నేర్చినది ఎంతో ఉంది. దాన్ని అందుకునేవారు లేరని బాధపడతాం. టెస్లా జీవితం చూస్తే, పంపేవాడు గొప్పవాడైనంత మాత్రాన చాలదని తెలుస్తుంది. ఆయన పడవలో బలహీనమైన సంకేతాన్ని మోటరుకు అర్థమయ్యేలా మార్చిన చిన్న రిలే ఒకటి ఉంది. తన జీవితానికి అటువంటి రిలేను ఆయన అమర్చుకోలేకపోయారు. మన ఇంట్లో ఆ రిలే పని మనమే చేయవచ్చు. పిల్లల భాషలో, పిల్లల చేతిలోని వస్తువు పట్టుకుని, మనకు తెలిసినది చెప్పవచ్చు. ఈసారి బాయి దగ్గర స్టార్టరు నొక్కినప్పుడు, పక్కన మనుమడో మనుమరాలో ఉంటే, ఆ తిరిగే మోటరును చూపించి ఆ పెద్దమనిషి పేరు ఒకసారి చెప్పండి. మనం ఆయనకు అర్పించగల నివాళి అదే.